పైపు నీటికిచ్చేది: తాగునీటి ఉత్పత్తుల భద్రతా ఆమోదం – వేగం, జాప్యం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తాగునీటిని తాకే పైపులు, పూతలు, కుళాయిలు, శుద్ధి రసాయనాలు ప్రజల వాడుకలోకి రాకముందే వాటి భద్రతను ఎవరు, ఏ పద్ధతిలో, ఎంతకాలంలో నిర్ధారించాలన్న ప్రశ్నకు నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1848లోనూ, 1968–80 మధ్యకాలంలోనూ జరిగిన రెండు సంఘటనలను ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలిస్తుంది. ప్రభుత్వశాఖ చేతిలో నత్తనడకన సాగిన ఆమోద ప్రక్రియ 1990 నాటికి ప్రభుత్వేతర ధ్రువీకరణ సంస్థల చేతికి మారిన క్రమాన్ని వివరిస్తుంది. బ్రిటన్, ఐరోపా అనుభవాలను స్పృశించి, సీసాలో నింపిన నీరు, పి.వి.సి. పైపుల విషయంలో భారతదేశం తీసుకున్న నిర్ణయాలను ఆ నేపథ్యంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: తాగునీరు, సీసపు పైపులు, కేప్ కాడ్, భద్రతా ప్రమాణాలు, ధ్రువీకరణ, బి.ఐ.ఎస్., ప్యాకేజ్డ్ తాగునీరు.

1. ఉపోద్ఘాతం

తాగునీటి చరిత్ర రాసినవారిలో ఎక్కువమంది చెరువులు, కాలువలు, ఆనకట్టలు, శుద్ధి కేంద్రాల గురించి రాశారు. నీటి వనరు కలుషితమైతే కలిగే అనర్థాలను కలరా, టైఫాయిడ్ చరిత్రల ద్వారా మనం బాగానే తెలుసుకున్నాం. శుద్ధి కేంద్రం గేటు దాటిన నీరు ఇంటి కుళాయికి చేరేలోగా ఏమవుతుందన్న విషయం మాత్రం చాలాకాలం ఇంజనీర్ల సొంత వ్యవహారంగానే ఉండిపోయింది. నీరు మంచి ద్రావణి. దారిలో తగిలిన ప్రతి వస్తువు నుంచి అది ఎంతో కొంత తీసుకుంటుంది. ఇనుము నుంచి తుప్పును, సిమెంటు నుంచి సున్నాన్ని, సీసం నుంచి సీసాన్ని, రబ్బరు నుంచి సూక్ష్మజీవులకు పనికివచ్చే ఆహారాన్ని గ్రహిస్తుంది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలోనే రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ సీసపు పైపులకన్నా మట్టి గొట్టాలే ఆరోగ్యకరమని చెప్పి, సీసపు పని చేసేవారి పాలిపోయిన ముఖాలను అందుకు సాక్ష్యంగా చూపాడు.

ఈ జ్ఞానం ఉన్నా సీసపు పైపులు రెండువేల ఏళ్లు నిలిచాయి. ఒక వస్తువు హానికరమన్న అనుమానానికీ, దాన్ని వాడవద్దన్న నిర్ణయానికీ మధ్య ఒక పరీక్ష, ఒక ప్రమాణం, ఒక అధికారి సంతకం ఉండాలి. ఆ మూడూ ఎలా రూపుదిద్దుకున్నాయన్నదే ఈ వ్యాస విషయం. నేటి చర్చలో ఒక వర్గం కొత్త ఉత్పత్తులకు ఆమోదం త్వరగా రావాలంటుంది. మరొక వర్గం తొందర పనికిరాదంటుంది. రెండు వాదాలకూ చరిత్రలో ఆధారాలున్నాయి. అయితే వేగం అనే ఒక్క కొలమానంతో ఈ చరిత్రను చదివితే అసలు సమస్య చేజారిపోతుందని నా అభిప్రాయం.

2. బోస్టన్, 1848: ఒక రసాయన శాస్త్రవేత్త అభిప్రాయం

1848 అక్టోబరు 25న బోస్టన్ నగరానికి కొచిట్యుయేట్ సరస్సు నీరు చేరింది. నగరం ఉత్సవం చేసుకుంది. ఆ నీటిని వీధి గొట్టం నుంచి ఇంట్లోకి తీసుకువెళ్లే చిన్న పైపులు ఏ లోహంతో చేయాలన్నది అప్పటికి తేలవలసిన ప్రశ్న. ఇనుము తుప్పుపడుతుంది. తగరం ఖరీదైనది. సీసం మెత్తగా వంగుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది, పనివారికి అలవాటైన లోహం. దాని విషగుణం గురించి మాత్రం అప్పటికే అనుమానాలు బలంగా ఉన్నాయి. అదే రాష్ట్రంలోని లోవెల్ పట్టణానికి చెందిన రసాయన శాస్త్రవేత్త సామ్యూల్ డానా, ఫ్రెంచి వైద్యుడు టాంకెరెల్ డెప్లాంష్ సీసపు రోగాలపై రాసిన గ్రంథాన్ని సరిగ్గా 1848లోనే ఆంగ్లంలోకి అనువదించి, సీసపు పైపులను, వాటికి బదులు వాడదగిన వాటిని గురించి తన సొంత వ్యాఖ్యలను దానికి చేర్చి ప్రకటించాడు.

బోస్టన్ నీటి అధికారులు హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ అభిప్రాయం కోరారు. ఆయన జర్మనీలో లీబిగ్ దగ్గర శిక్షణ పొందినవాడు, అప్పటికి దొరకగలిగిన ఉత్తమ నిపుణుల్లో ఒకడు. ఆయన కొచిట్యుయేట్ నీటితో పాటు న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల నీటిని కూడా తీసుకొని సీసంపై వాటి చర్యను ప్రయోగాల ద్వారా పోల్చి చూశాడు. మొదట కొంత సీసం కరిగినా, త్వరలోనే లోహం మీద కరగని పొర ఒకటి ఏర్పడి తరువాతి నీటిని కాపాడుతుందని గమనించాడు. కొచిట్యుయేట్ నీటికి సీసపు పైపులు వాడవచ్చునని తేల్చాడు. తాగునీటి ఉత్పత్తి ఒకదానికి ప్రయోగశాల ఆధారంగా ఇచ్చిన తొలితరం ఆమోదాల్లో దీన్ని ఒకటిగా లెక్కించవచ్చు.

హార్స్‌ఫర్డ్‌ను నేటి దృష్టితో దోషిగా నిలబెట్టడం తేలిక. కానీ ఆయన నివేదిక నిర్లక్ష్యంతో రాసింది కాదు. రక్షక పొర ఏర్పడుతుందన్న పరిశీలన నిజమే. ఆధునిక నీటి సంస్థలు ఫాస్ఫేటు కలిపి సాధించేది కూడా అటువంటి పొరనే. లోపం వేరేచోట ఉంది. ఆయన ఫలానా నీటికి, ఫలానా పరిస్థితుల్లో ఇచ్చిన సమాధానం, ఆ షరతులు రాలిపోయి, "సీసం క్షేమమే" అన్న సాధారణ అనుమతిగా ఇతర పట్టణాల వాడుకలోకి పోయింది. పైగా ఆనాటి విశ్లేషణ పద్ధతులు పట్టుకోగలిగిన సీసం పరిమాణానికీ, దీర్ఘకాలంలో మనిషికి హాని చేసే పరిమాణానికీ మధ్య పెద్ద దూరం ఉంది. ఆ దూరాన్ని కొలిచే సాధనం కూడా అప్పటికి లేదు.

షరతు మారితే ఏమవుతుందో లోవెల్ పట్టణమే చూపింది. 1890–91లో ఆ పట్టణంలో టైఫాయిడ్ ప్రబలింది. విలియం సెడ్జ్‌విక్ పరిశోధన మెరిమాక్ నది నీటివైపు వేలు చూపింది. పట్టణం నది నీటిని వదిలి బావుల నీటికి మారింది. టైఫాయిడ్ తగ్గింది. కానీ ఆ భూగర్భజలంలో కార్బన్ డయాక్సైడ్ అధికం, దానికి సీసాన్ని కరిగించే గుణం ఎక్కువ. ఏళ్లుగా నేలలో పడివున్న పాత సీసపు పైపులు ఇప్పుడు మనుషులను జబ్బుపడేలా చేశాయి. ఒక రోగానికి కనుగొన్న విరుగుడు మరొక రోగానికి దారి తీసింది. 2014 ఏప్రిల్ 25న మిచిగన్ రాష్ట్రపు ఫ్లింట్ నగరం నీటి వనరును మార్చి, తుప్పును నిరోధించే రసాయనం కలపకుండా వదిలినప్పుడు జరిగింది కూడా ఇదే. పైపు మారలేదు, నీరు మారింది. ఆమోదం ఒక వస్తువుకు ఇచ్చినట్లు కాగితం మీద కనిపిస్తుంది గానీ, వాస్తవంలో అది ఒక వస్తువు, ఒక నీరు కలిసిన జంటకు ఇచ్చినది.

3. కేప్ కాడ్: ఆరిపోతుందనుకున్న ద్రావణి

రెండవ సంఘటన కూడా మసాచుసెట్స్‌దే. రాష్ట్రానికి ఆగ్నేయాన అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన ఇసుక నేల కేప్ కాడ్. అక్కడి భూగర్భజలం మృదువైనది, కొంచెం ఆమ్లగుణం కలది. యుద్ధానంతరం వేగంగా పెరిగిన ఊళ్లకు చౌకగా దొరికిన ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపులు వేశారు. ఆమ్లగుణం గల నీరు సిమెంటులోని సున్నాన్ని కరిగించేది, నీటి రుచి చెడేది. ఈ ఫిర్యాదులకు పరిష్కారంగా 1960ల చివర జాన్స్-మాన్‌విల్ కంపెనీ ఒక కొత్త ఉత్పత్తిని తెచ్చింది. అది లోపలి గోడకు వినైల్ పూత పూసిన ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపు. 1968 నుంచి 1980 వరకు మసాచుసెట్స్‌లోనే ఆరు వందల మైళ్లకు పైగా ఈ పైపులు వేశారు. అందులో పెద్ద భాగం కేప్ కాడ్ ప్రాంతంలోనే.

పూత పూసే పద్ధతిలో ప్రమాదం దాగి ఉంది. వినైల్ రెజిన్‌ను టెట్రాక్లోరోఎథిలీన్ అనే ద్రావణిలో కలిపి పైపు లోపల పిచికారీ చేసేవారు. బట్టల డ్రైక్లీనింగ్ దుకాణాల్లో వాడేది ఈ ద్రావణినే. అది త్వరగా ఆవిరయ్యే స్వభావం కలది కనుక పైపు కర్మాగారం దాటకముందే ఎగిరిపోతుందనుకున్నారు. ఎగిరిపోలేదు. చెప్పుకోదగిన భాగం పూతలోనే చిక్కుకొని, నేలలో పాతిన తరువాత ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీటిలోకి దిగింది. 1980లో ఈ సంగతి బయటపడింది. నీరు ఎప్పుడూ పారుతూ ఉండే ప్రధాన వీధుల్లో లీటరుకు కొన్ని మైక్రోగ్రాముల నుంచి కొన్ని పదుల మైక్రోగ్రాముల వరకు ద్రావణి కనిపించింది. వాడకం తక్కువై నీరు నిలిచిపోయే మూసుకుపోయిన వీధుల చివర లీటరుకు వేల మైక్రోగ్రాములు కనిపించింది. అమెరికాలో నేడు అమలులో ఉన్న గరిష్ఠ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు.

ఈ ఘట్టంలో చరిత్రకారుడు గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. ఇది దురుద్దేశంతో తెచ్చిన వస్తువు కాదు. నీటి నాణ్యతను మెరుగుపరచడానికే వచ్చింది. బావి దగ్గర తీసిన నమూనాలు శుద్ధంగానే ఉన్నాయి. అప్పటి నీటి పరీక్షలు వనరు దగ్గర ఆగిపోయేవి, పైపు చివర ఏముందో చూసే అలవాటు లేదు. కొత్త పైపును నేలలో వేసేముందు కొన్ని రోజులు నీటితో నింపి, ఆ నీటిలో ఏం దిగిందో చూడాలన్న నిబంధన దేశవ్యాప్తంగా చట్టరూపంలో లేదు. అటువంటి పరీక్ష కొద్దివారాల పని. ఆ కొద్దివారాలు మిగిల్చినందుకు పన్నెండేళ్లపాటు వేసిన పైపుల వెంట నివసించిన కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

మూల్యం ఎంతన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ ఆషెన్‌గ్రావ్, ఆమె సహచరులు 1990ల నుంచి కేప్ కాడ్ ప్రజలపై వరుసగా అధ్యయనాలు చేశారు. ఎక్కువ మోతాదుకు లోనైనవారిలో ల్యూకేమియా, మూత్రాశయ క్యాన్సర్, స్తనక్యాన్సర్ ముప్పు పెరిగిన సూచనలు కనిపించాయి. తల్లి గర్భంలోనూ శైశవంలోనూ ఈ నీటికి లోనైనవారి ఎదిగిన జీవితాలపై కూడా వారు అధ్యయనం చేశారు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు పైపు స్థానాన్నిబట్టి వేరువేరు మోతాదులు అందడం పరిశోధకులకు సహజంగా ఏర్పడిన తులనాత్మక ప్రయోగంగా ఉపకరించింది. ఏ ఇంటికి ఎంత ద్రావణి చేరిందో నీటి ప్రవాహ నమూనాలతో లెక్కగట్టారు. తమకు తెలియకుండానే ప్రయోగంలో భాగమైన ఆ ప్రజల స్థితిని తలచుకుంటే, పరిశోధనా పద్ధతిలోని ఆ సౌలభ్యాన్ని మెచ్చుకోవడానికి మనసు తడబడుతుంది.

పైపులన్నిటినీ తవ్వి తీయడం ఖర్చుతో కూడిన పని. అందువల్ల చాలాచోట్ల వీధి చివర కవాటాలు అమర్చి, నీటిని నిరంతరం బయటికి వదిలి, ద్రావణి మోతాదును తగ్గించారు. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ టెట్రాక్లోరోఎథిలీన్ ఉపయోగాల్లో అధికభాగాన్ని నిషేధించింది.

4. అభిప్రాయలేఖల నుంచి ధ్రువీకరణ ముద్రకు

కేప్ కాడ్ పైపులు వేస్తున్న కాలంలో అమెరికా కేంద్రప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తాగునీటి ఉత్పత్తులను పరిశీలించి సలహా ఇచ్చే ఏర్పాటు ఒకటి ప్రజారోగ్యశాఖ కాలం నుంచే ఉండేది. 1970లో ఏర్పడిన పర్యావరణ పరిరక్షణ సంస్థకు అది వారసత్వంగా వచ్చింది. తయారీదారు తన ఉత్పత్తి వివరాలు పంపితే అధికారులు పరిశీలించి ఒక అభిప్రాయలేఖ ఇచ్చేవారు. దానికి చట్టబలం లేదు. అయినా రాష్ట్రాల అధికారులు, నీటి సంస్థలు దాన్నే ఆమోదంగా పరిగణించేవి. 1974లో సురక్షిత తాగునీటి చట్టం వచ్చాక, నీటిలో చేరే పదార్థాలపై అధికారం ఆహార, ఔషధ సంస్థదా, పర్యావరణ సంస్థదా అన్న సందేహం తలెత్తింది. 1979లో రెండు సంస్థలూ ఒప్పందం చేసుకొని ఆ బాధ్యతను పర్యావరణ సంస్థకు అప్పగించాయి.

బాధ్యత వచ్చింది గానీ, దానికి తగిన సిబ్బంది, నిధులు రాలేదు. దరఖాస్తులు పేరుకుపోయాయి. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క తీరులో సమాచారం పంపేది. ఏ పరీక్ష చేస్తే చాలునో ముందుగా చెప్పే రాతపూర్వక ప్రమాణం లేదు. మంచి ఉత్పత్తి ఏళ్ల తరబడి వరుసలో నిలబడితే, ఆ లోగా పాత, మరింత హానికర ఉత్పత్తి మార్కెట్లో కొనసాగుతుంది. జాప్యం వల్ల కలిగే నష్టం ఇదే. ఇది గణాంకాలకు అందదు కాబట్టి చర్చల్లో దీని ప్రస్తావన తక్కువ.

1984 మేలో పర్యావరణ సంస్థ ఈ పనిని ప్రభుత్వం వెలుపలికి తరలించే ఆలోచనను ప్రకటించింది. 1985 సెప్టెంబరులో నేషనల్ శానిటేషన్ ఫౌండేషన్ నాయకత్వంలోని సంఘటనతో ఒప్పందం కుదిరింది. 1944లో మిచిగన్ విశ్వవిద్యాలయపు ప్రజారోగ్య విద్యాలయంలో పుట్టిన ఈ సంస్థకు ప్లాస్టిక్ పైపుల పరీక్షలో 1950ల నుంచి అనుభవం ఉంది. 1988 నాటికి రెండు ప్రమాణాలు సిద్ధమయ్యాయి. 60వ సంఖ్య గలది శుద్ధి రసాయనాలకు, 61వ సంఖ్య గలది నీటిని తాకే పైపులు, పూతలు, కుళాయిలు, అతుకుల వంటివాటికి. 1990 ఏప్రిల్ 7తో ప్రభుత్వ అభిప్రాయలేఖలు ఆగిపోయాయి. కాలక్రమాన దాదాపు అన్ని రాష్ట్రాలూ ఈ ప్రమాణాలను తమ నిబంధనల్లో చేర్చుకున్నాయి.

కొత్త పద్ధతి వేగంగా నడవడానికి కారణం పరీక్షను తగ్గించడం కాదన్నది ఈ వ్యాసం ప్రత్యేకంగా చెప్పదలచిన విషయం. నిజానికి పరీక్ష కఠినమైంది. ఉత్పత్తిలోని ప్రతి దినుసునూ, దాని మూలాన్నీ ధ్రువీకరణ సంస్థకు వెల్లడించాలి. ఆమ్లగుణం, క్షారగుణం గల వేరువేరు నీళ్లలో దాన్ని నానబెట్టాలి. ఆ నీటిలో దిగినవాటిని కొలవాలి. ఇంట్లో నీటికి ఒక్క వస్తువే తగలదు కనుక, ఒక్కొక్క ఉత్పత్తికి సాధారణంగా మొత్తం పరిమితిలో పదోవంతు మాత్రమే కేటాయిస్తారు. కర్మాగారాన్ని ముందుగా చెప్పకుండా తనిఖీ చేస్తారు. వేగం వచ్చింది రెండు చోట్ల. పరీక్ష ఏమిటో తయారీదారుకు మొదటిరోజే తెలుసు కాబట్టి రూపకల్పన దశలోనే దినుసులు మార్చుకోగలిగాడు. రుసుము మీద నడిచే సంస్థ దరఖాస్తుల సంఖ్యనుబట్టి సిబ్బందిని పెంచుకోగలిగింది.

అయితే ఈ ఏర్పాటుకు మరో ముఖం కూడా ఉంది. పరీక్ష చేయించుకునేవాడే రుసుము చెల్లిస్తాడు. ప్రమాణాలను రూపొందించే సంఘాల్లో ప్రభుత్వాధికారులతోపాటు తయారీదారులూ కూర్చుంటారు. ఉత్పత్తి దినుసుల వివరాలు వ్యాపార రహస్యం కనుక పౌరుడికి అందవు. చట్టం పేర్కొన్న ప్రమాణాన్ని చదవాలంటే పౌరుడు డబ్బు చెల్లించి కొనుక్కోవాలి. ప్రమాణం రాయడంలో రాజీ ఎలా ఉంటుందో సీసం విషయంలో చూడవచ్చు. 1986 సవరణ చట్టం ప్రకారం 8 శాతం దాకా సీసం ఉన్న పైపులు, అతుకులు కూడా "సీసరహితం" అనిపించుకున్నాయి. ఆ నిర్వచనం 0.25 శాతానికి దిగింది 2014 జనవరి 4న. మాటకు అర్థం మారడానికి ఇరవై ఏడేళ్లకు పైగా పట్టింది.

5. బ్రిటన్, ఐరోపా

బ్రిటన్ మరొక దారిలో నడిచింది. అక్కడ 1970ల దాకా ఇనుప పైపుల లోపల బొగ్గుతారు పూత వాడకంలో ఉండేది. దాని నుంచి బహువలయ హైడ్రోకార్బన్లు నీటిలోకి దిగడం తరువాత గుర్తించారు. 1966 నుంచి ఒక నిపుణుల సంఘం కొత్త పదార్థాలను పరిశీలించి ప్రభుత్వానికి సలహా ఇచ్చింది. 1989 నీటి నాణ్యత నిబంధనలు దీనికి చట్టబలం కల్పించాయి. ఇప్పుడు ఇంగ్లండులో 2016 నిబంధనల్లోని 31వ నిబంధన ప్రకారం ఆమోదం లేని పదార్థాన్ని నీటి సంస్థ వాడడం నేరం. ఆమోదం మంత్రి పేరిట తాగునీటి తనిఖీ సంస్థ ఇస్తుంది. అంటే అమెరికా వదులుకున్న అధికారాన్ని బ్రిటన్ ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది.

అక్కడి పరీక్షల్లో ఒకటి ఆసక్తికరం. పదార్థంపై సూక్ష్మజీవులు పెరుగుతాయా అని చూసే పరీక్షకు వారాల కొద్దీ సమయం పడుతుంది. సూక్ష్మజీవులను తొందరపెట్టే ఉత్తర్వు ఏ ప్రభుత్వమూ జారీ చేయలేదు. అయితే ఇటీవలి సంవత్సరాల్లో బ్రిటన్‌లో తలెత్తిన ఇబ్బంది శాస్త్రానిది కాదు. పరీక్ష చేసే ప్రయోగశాలల సామర్థ్యమే తగ్గిపోయింది. వ్యాపారానికి లాభసాటి కాని పరీక్షను మార్కెట్‌కు వదిలేస్తే చివరికి పరీక్షించేవారే మిగలకపోవచ్చు.

ఐరోపాలో జర్మనీ, ఫ్రాన్సు, నెదర్లాండ్స్ దేశాలకు వేరువేరు పద్ధతులు ఉండేవి. ఒకే కుళాయిని దేశదేశానికీ మళ్లీ పరీక్షించవలసి వచ్చేది. 2020 డిసెంబరులో ఆమోదించిన తాగునీటి ఆదేశంలోని 11వ అధికరణం, అనుమతించిన పదార్థాల ఉమ్మడి జాబితాల ద్వారా ఈ పునరావృతాన్ని తొలగించాలని నిర్దేశించింది. కొత్త నియమాలు 2026 డిసెంబరు 31 నుంచి వర్తిస్తాయి. భద్రతకు ఏమీ చేర్చని జాప్యం అంటూ ఒకటి ఉంటుందని, దాన్ని తీసివేయవచ్చునని ఒప్పుకున్న సందర్భమిది.

6. భారతదేశం: ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని పరిధి

మన దేశంలో ఈ ప్రశ్న రెండు వస్తువుల చుట్టూ తిరిగింది. ఒకటి సీసాలో నింపిన నీరు, రెండవది ప్లాస్టిక్ పైపు.

1990లలో సీసా నీటి వ్యాపారం విస్తరించింది. 2001 మార్చి 29 నుంచి ఆహార కల్తీ నిరోధక నియమాల కింద భారతీయ ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. సహజ ఖనిజ జలానికి ఐ.ఎస్. 13428, శుద్ధిచేసి నింపిన నీటికి ఐ.ఎస్. 14543 ప్రమాణాలు. తెలుగు నేలపై ఈ భేదం కాగితానికే పరిమితమైంది. ఊరి ప్లాంటులో శుద్ధిచేసి ఇరవై లీటర్ల డబ్బాలో పోసిన నీటిని కూడా మనం "మినరల్ వాటర్" అనే పిలుస్తాం. ఆ నీటిలో ఖనిజాలను దాదాపుగా తీసేస్తారన్నది వేరే సంగతి.

2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ, ఢిల్లీ, ముంబయి ప్రాంతాల సీసా నీటిలో క్రిమిసంహారక మందుల అవశేషాలు ఉన్నాయని ప్రకటించింది. ప్రమాణం లేనందువల్ల ఈ పరిస్థితి రాలేదు. అప్పటి ప్రమాణంలో అవశేషాలు "గుర్తింపు స్థాయికి దిగువన" ఉండాలని ఉంది. గుర్తించడానికి నిర్దేశించిన పద్ధతి మాత్రం అంత సూక్ష్మమైనది కాదు. పద్ధతికి కనిపించనిది లేనట్లే లెక్క. హార్స్‌ఫర్డ్ ప్రయోగశాలలో మనం చూసిన సమస్యే ఇది. ఆ తరువాత ఒక్కొక్క మందుకు లీటరుకు 0.0001 మిల్లీగ్రాము, అన్నిటికీ కలిపి 0.0005 మిల్లీగ్రాము అనే సంఖ్యాత్మక పరిమితులు 2004 జనవరి నుంచి అమలులోకి వచ్చాయి. ఒక పౌరసంస్థ ప్రయోగశాల చొరవ ప్రభుత్వ ప్రమాణాన్ని ఏడాది లోపే మార్చించగలిగింది. పరీక్షించే శక్తి ప్రభుత్వం, పరిశ్రమల వెలుపల కూడా ఉండవలసిన అవసరానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మన చరిత్రలో అరుదు.

2024 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ సీసా నీటికి బి.ఐ.ఎస్. ధ్రువీకరణ తప్పనిసరి అన్న నిబంధనను తొలగించింది. ఒకే ఉత్పత్తికి రెండు సంస్థల అనుమతులు అవసరం లేకుండా ప్రక్రియను సరళం చేయడమే ఇందులోని ఉద్దేశం. ఆ వెంటనే నవంబరు 29న అదే సంస్థ ప్యాకేజ్డ్ తాగునీటిని అధిక ప్రమాద ఆహార వర్గంలో చేర్చింది. దానితో అనుమతికి ముందు తనిఖీ, ఏటా తనిఖీ, బయటి సంస్థల ఆడిట్ అవసరమయ్యాయి. ముందు దశలో ఒక మెట్టు తగ్గించి, తరువాతి దశలో నిఘా పెంచడం సూత్రరీత్యా తప్పు కాదు. ఐరోపా చేస్తున్నది కూడా పునరావృతాన్ని తగ్గించడమే. అయితే ఆ నిఘా తనిఖీ అధికారుల సంఖ్యపైనా, ప్రయోగశాలల శక్తిపైనా ఆధారపడి ఉంటుంది. 1979 తరువాత అమెరికా పర్యావరణ సంస్థ తడబడింది సరిగ్గా ఇక్కడే.

పైపుల విషయం తక్కువగా చర్చకు వచ్చింది. పి.వి.సి.ని వేడిచేసి పైపుగా మలిచేటప్పుడు అది విచ్ఛిన్నం కాకుండా స్థిరీకరణ పదార్థం కలపాలి. చౌకగా దొరికేది సీసపు లవణం. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4985లో పైపునుంచి నీటిలోకి దిగే సీసానికి పరీక్ష ఉంది. ఆ లవణాల వాడకాన్నే నియంత్రించే నియమాలను పర్యావరణ మంత్రిత్వశాఖ 2021లో ప్రకటించింది. ఈ తేదీని మరికొన్ని తేదీల పక్కన పెట్టి చూడాలి. తెలంగాణలో మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ వద్ద కోమటిబండలో ప్రారంభమైంది. జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటితమైంది. అప్పటికి గ్రామీణ కుటుంబాల్లో కుళాయి ఉన్నవి 3.23 కోట్లు. ఐదేళ్లలో ఆ సంఖ్య పదిహేను కోట్లు దాటింది. దేశచరిత్రలో ఇంత పెద్దయెత్తున పైపులు నేలలోకి వెళ్లిన కాలం మరొకటి లేదు. ఫ్లోరైడుతో నడుములు వంగిన నల్లగొండ పల్లెలకు కృష్ణా నీరు చేరడం ఏ ప్రమాణంతో చూసినా గొప్ప విషయమే. దాన్ని ఏళ్ల తరబడి పరీక్షల పేరుతో ఆపాలని ఎవరూ అనరు.

ఆ జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నల్లగొండ పద్ధతి అనుభవం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తొలగిస్తారు. ఫ్లోరైడు తగ్గింది. శుద్ధి అయిన నీటిలో మిగిలే అల్యూమినియం ఎంత అన్న ప్రశ్న తరువాతి పరిశోధకులు వేశారు. శుద్ధి సాధనం కూడా నీటికి ఏదో ఒకటి ఇస్తుంది కాబట్టి దాన్నీ పరీక్షించవలసిందే.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో కనీసం ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చి, చేతికి ఒక పరీక్షా పెట్టె అందించారు. పీహెచ్, కాఠిన్యం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మిగులు క్లోరిన్ వంటివి దానితో చూడవచ్చు. నీటి వనరు గుణం, శుద్ధి కేంద్రం పనితీరు వాటివల్ల తెలుస్తాయి. కేప్ కాడ్‌లో బావి దగ్గర తీసిన నమూనాలకు తెలిసింది కూడా అంతవరకే. పైపు గోడనుంచి దిగే సీసాన్ని, పూతలో మిగిలిన ద్రావణిని చూసే సీసా ఆ పెట్టెలో లేదు.